పార్కింగ్ దగ్గర నిలబడే కోచ్

నొప్పి స్ప్రే ఘాటు ముక్కుకు తగిలితే నాకు వెల్డన్ కోచ్ గుర్తొస్తారు. మొన్న రెడ్‌మండ్‌లో జిమ్‌లో ఎవరో చీలమండకు అది కొట్టుకుంటుంటే, ఒక్క క్షణం మా కాపెల్ స్కూలు మైదానంలో ఉన్నట్టే అనిపించింది. ఆయన ఒకప్పుడు ఇంగ్లండ్‌లో పేరు మోసిన ఫార్వర్డ్. తర్వాత అక్కడే పెద్ద క్లబ్బులకు మేనేజర్, అంటే ఎవరు ఆడాలో తేల్చే మనిషి. చివరికి టెక్సస్ వచ్చి మాలాంటి హైస్కూలు ఆడపిల్లలకు సాకర్ నేర్పారు. పాత గోల్స్ గురించి అడిగితే విసుక్కునేవారు.

మ్యాచ్ రోజున అందరికంటే ముందు వచ్చి, టీ కప్పుతో పార్కింగ్ దగ్గర నిలబడేవారు. మేము కారు దిగి నడిచే తీరు చూసే ఎవరిని ఆడించాలో తేల్చుకునేవారు. ఎలా ఉన్నావని అడిగితే ఏ ఆటగాడూ నిజం చెప్పడని ఆయన నమ్మకం.

ఫైనల్‌కు ముందు ప్రాక్టీసులో నా కాలు బెణికింది, కోచ్‌కు తెలియనివ్వలేదు. ఆ మ్యాచ్ చూడటానికి కాలేజీ వాళ్ళు వస్తున్నారు. బాగా ఆడితే స్కాలర్‌షిప్ వస్తుందని ఇంట్లో అందరి ఆశ. వీసా మీద వచ్చిన నాటి నుంచి ఒక్క గీత కూడా దాటని మా నాన్న, ఆ రోజు బోర్డు వద్దంటున్నా కారును నేరుగా మైదానం అంచుకు తెచ్చారు.

"నాన్నా, ఇక్కడ స్టాప్ చేయకూడదు కదా?"

"ఒక్క రోజుకి ఏం కాదులేమ్మా. దిగి స్ట్రెయిట్‌గా నిలబడు, చాలు."

కోచ్ కుంటుకుంటూ వచ్చారు. నా వంక చూడనైనా లేదు. "మీరు రూల్ తప్పే మనిషి కాదు," అన్నారు నాన్నతో. "ఏ కాలు?"

"ఒక్క హాఫ్ ఆడనివ్వండి కోచ్, ప్లీజ్. పిల్ల ఫ్యూచర్," అని నాన్న బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు. నేను బెంచీ మీద ఏడుస్తూ కూర్చున్నాను. మేము ఓడిపోయాం.

అందరూ వెళ్ళాక కోచ్ ప్యాంటు మడిచి మోకాలు చూపించారు. నిండా కుట్ల గుర్తులే. "ఇంజెక్షన్ ఇచ్చి నన్ను ఫైనల్ ఆడించారు. గోల్ కొట్టాను, కప్పు గెలిచాం. మళ్ళీ మునుపటిలా పరిగెత్తలేకపోయాను. వద్దని చెప్పే మేనేజర్ నాకు దొరకలేదు. అందుకే నేనే మేనేజర్‌నయ్యాను."

ఆ మాట నన్ను ఏమాత్రం ఓదార్చలేదు. ఆయనంటే ఒళ్ళు మండింది. స్కాలర్‌షిప్ రాలేదు. నాన్న మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా కింద ఒక టీమ్ ఉంది. పోయిన వారం కొత్త వెర్షన్ రిలీజ్‌కు ముందు, మా కిరణ్ వీడియో కాల్‌లో కెమెరా ఆపేసి మాట్లాడాడు. ఎప్పుడూ అలా చేసే కుర్రాడు కాదు. ఆన్ చేయమన్నాను. జ్వరంతో కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఐయామ్ ఫైన్ అక్కా. రిలీజ్ నేనే చేస్తా. ఈసారి ప్రమోషన్ ఉంది కదా."

ఆ పని వేరేవాళ్ళకు అప్పగించి, అతన్ని పడుకోమన్నాను. ప్రమోషన్ గురించి మాట ఇవ్వలేకపోయాను. నన్ను బాగా తిట్టుకునే ఉంటాడు. తిట్టుకోనీ.