చేదు దుంప

చిటికెడక్క అసలు పేరు కంపెనీ కాగితాల్లోనే ఉండేది. కూరలో ఉప్పెంత, కారమెంత అని ఎవరడిగినా "చిటికెడు" అని చెప్పి, తాను మాత్రం గుప్పెడు వేసేది. అలా ఆ పేరు స్థిరపడింది. పరాయి దేశంలో యూనిఫారాలు కుట్టే కంపెనీలో కాలర్ల మిషను మీద ఆమె పని. ఆ దేశం వచ్చిన రెండో ఏడు మరదలిని కూడా రప్పించుకుని గుండీల సెక్షన్లో పెట్టించింది. ఆ పిల్లను విమానం ఎక్కించేటప్పుడు అత్తగారు ఫోనులో ఒక్కటే మాట అంది: "నీ చేతుల్లో పెడుతున్నానమ్మా." అది గుర్తొస్తే చాలు, చిటికెడక్క తన పళ్ళెంలోది తీసి మరదలి పళ్ళెంలో వేసేది.

వదినా మరదళ్ళకు కంపెనీ వెనక వీధిలో ఒక గది. వారమంతా క్యాంటీన్ చప్పిడి కూడు. ఆదివారం ఒక్కరోజే, కిటికీ కింది ఒంటి పొయ్యి మీద సొంత వంట. ఆ పొద్దున వీధి చివర సంత జరిగేది. గోనెపట్టా పరుచుకుని కూరలమ్మే ముసలామెకు వీళ్ళు గంప అవ్వ అని పేరు పెట్టుకున్నారు. ఆమె మాట వీళ్ళకు తెలియదు, వీళ్ళ మాట ఆమెకు తెలియదు. బేరమంతా చేతులతోనే.

ఒక ఆదివారం ఆ గంపలో మట్టి వదలని పొడుగాటి దుంపలు కనిపించాయి.

"వదినా, కర్రపెండలం!" అని మరదలు గంతేసింది.

అవ్వ దుంపలు సంచిలో వేస్తూ మూడు వేళ్ళు చూపింది. పక్కనున్న బకెట్లో నీళ్ళు చూపింది. తర్వాత పొట్ట పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"ఏమంటోంది?"

"మూడుసార్లు కడగమంటోంది. ఇంత మట్టి పెట్టుకుని అది వేరే చెప్పాలా! ఎక్కువ తింటే కడుపునొప్పి అంటోంది, నిన్ను చూసే."

గదికి వచ్చి తొక్క తీసి, మూడుసార్లు కడిగి, పల్చగా తరిగి, వెల్లుల్లి కారంతో వేపుడు చేసింది. నాలుక చివర కాస్త చేదు తగిలింది. కాకరకాయ తినడం లేదా ఏమిటి అనుకుని ఇంకో చిటికెడు కారం చల్లింది. మరదలు రెండు పళ్ళేలు లాగించింది. చిటికెడక్క పొయ్యి దగ్గర నిలబడే నాలుగు ముక్కలు నోట్లో వేసుకుని, బట్టలు ఉతకడానికి కూర్చుంది.

బట్టలు ఆరేసి వచ్చేసరికి మరదలు గోడకు ఆనుకుని ఉంది.

"వదినా, కళ్ళు తిరుగుతున్నాయి."

"తిన్నది అరగొద్దూ! కాసేపు పడుకో."

పడుకోలేదు. అక్కడే వాంతి చేసుకుంది. మళ్ళీ చేసుకుంది. పరిగెత్తి వచ్చినట్టు ఎగశ్వాస. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. చిటికెడక్క గది బయటికి ఉరికింది. మెట్ల మీద నుంచే కేక పెట్టింది, "బాబాయ్!"

కింది గదిలో ఉండే కంపెనీ బస్సు డ్రైవరు బాబాయ్‌ది ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళ కాపురం. పైకి వచ్చి పిల్లను చూశాడు. పొయ్యి పక్కన తొక్కలు చూశాడు.

"ఎన్ని రోజులు నానబెట్టావమ్మా?"

"రోజులా?"

"ఇది మన ఊరి కర్రపెండలం లాంటిది కాదు, చేదు దుంప. మూడు రోజులు నీళ్ళల్లో నాని విషం దిగితేగానీ వండరు!"

బాబాయ్ పిల్లను భుజాన వేసుకున్నాడు. చిటికెడక్క తొక్కలూ మిగిలిన వేపుడూ కవర్లో వేసుకుని, చెప్పులు కూడా లేకుండా వెనకే పరుగెత్తింది.

ఆసుపత్రిలో కవరు చూడగానే డాక్టరు ముఖం మారింది. మరదలిని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశారు. ఆ తలుపు ఎదుటి బెంచీ మీద చిటికెడక్క కూర్చుంది. తన తల కూడా దిమ్ముగా ఉంది. అది దుంపో భయమో తెలియలేదు. అప్పుడే ఫోను మోగింది. ఆదివారం కదా, అత్తగారు.

"ఏం వండావమ్మా ఇవాళ?"

"పప్పు, అత్తయ్యా."

"దానికివ్వు ఓసారి."

"పడుకుంది. లేచాక చేయిస్తాను."

లేవకపోతే? ఫోను పెట్టేసింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడేది. వచ్చింది నర్సేనని తెలిసి మళ్ళీ కూలబడేది.

పొద్దు వాలేవేళకు లోపలికి పిలిచారు. చేతికి సెలైను, ముఖాన నెత్తురుచుక్క లేదు. అయినా మరదలు కళ్ళు తెరిచే ఉంది.

"వదినా, నువ్వు తిన్నావా అది?"

"నాలుగు ముక్కలే."

బాబాయ్ ఆ మాట నర్సుకు చెప్పాడు. ఆమె చిటికెడక్కను కూడా పక్క మంచం మీద పడుకోబెట్టింది. గండం గడిచిందని మర్నాడు చెప్పి ఇద్దరినీ పంపేశారు.

తర్వాత మూడు ఆదివారాలు పొయ్యి వెలగలేదు. నాలుగో ఆదివారం మరదలే చెయ్యి పట్టి సంతకు లాక్కెళ్ళింది. అవ్వ దగ్గర వంకాయలు తప్ప ఇంకేదీ ముట్టుకోనివ్వలేదు చిటికెడక్క. కూర వండి, ముందు తాను తిని, గడియారం ముందు కూర్చుంది.

"ఎంతసేపు వదినా? వంకాయే కదా!"

"గంట."

"ఆకలికి చచ్చేలా ఉన్నాను."

"ఆ మాట అనకు," అంటూ ఆమె గిన్నె మీద మూత పెట్టి, దాని మీద చెయ్యి పెట్టింది.