సిఫారసు ఉత్తరంలో రెండో వాక్యం

శాసనసభకు వెళ్లకముందు పదహారేళ్లు హెడ్మాస్టరుగా చేశాను. బెల్లు కొట్టిన పది నిమిషాలకు హాజరు పట్టీ నా బల్ల మీదికి రావాలి. అప్పటికి సంతకం పడని పేరు పక్కన ఎర్ర సిరాతో గీత పెట్టేవాణ్ణి. మూడు గీతలైతే ఒక సెలవు పోయేది. నన్ను మంచివాడనేవాళ్లు ఊళ్లో తక్కువ, ఉన్నదున్నట్టు చెబుతాడనేవాళ్లు ఎక్కువ. పంతొమ్మిది వందల డెబ్భైల చివర్లో ఉద్యోగం వదిలి పోటీ చేస్తే ఆ పేరే గెలిపించింది. దానితో నాకు పొగరు కూడా పెరిగిందని ఇప్పుడు తెలుస్తోంది.

గెలిచిన రెండో ఏడు, నా దగ్గర పనిచేసిన ఒక టీచరమ్మ వచ్చింది. ఆమెది రాజోలు. మా బడి ఏటి అవతలి లంకలో. రోజూ పడవ దాటి వచ్చేది. ఆమె పేరు పక్కన నేను పెట్టిన గీతలకు లెక్కలేదు.

"పాపకి ఏడో నెలండి, మాస్టారూ. ఇంకా పాలు మానలేదు. ఆయనేమో దుబాయిలో ఉన్నారు. ఈ ఒడ్డుకి వేయించేరంటే మధ్యాహ్నం ఇంటికెళ్లి పాలిచ్చొస్తానండి" అంది.

న్యాయమైన కోరిక. జిల్లా అధికారికి అక్కడే ఉత్తరం రాశాను. మొదటి వాక్యం: పాఠం బాగా చెబుతుంది. రెండోది: వారానికి రెండు మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది. మూడోది: కారణం పడవ గనుక ఇవతలికి మార్చగలరు.

నా ఉత్తరాలు చూసిపెట్టే రిటైర్డు గుమాస్తా చదివి, "ఆ రెండో ముక్క తీసేద్దామండి. ఎమ్మెల్యేగారి కాగితంలో అలాంటిది ఉంటే ఆఫీసోళ్లు ముందు దాన్నే పట్టుకుంటారండి" అన్నాడు.

"నిజమేగా రాసింది? నువ్వు నాకు నేర్పుతావా?" అన్నాను.

"ఆయ్" అని కాగితం మడిచేశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది పుట్టుకతో వచ్చింది కాదు, బడిలో అంటుకున్నది. అయినా పోలేదు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ప్రజాప్రతినిధి దృష్టికి తెచ్చిన ఆలస్యాల మీద చర్యగా, సముద్రం వారనున్న ఒక ఊరి బడికి బదిలీ. అక్కణ్ణించి రోజూ ఇంటికి వచ్చిపోయే వీలు లేదు. పాపను తీసుకెళ్లినా బడి వేళలో చూసే దిక్కు లేదు. ఆమె తండ్రి మంచాన ఉన్నాడు గనుక తల్లి కదిలి రాలేదు. పాపను అమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్లింది. వెళ్లేముందు ఆ ఉత్తర్వు తెచ్చి నాకు చూపించింది.

"మీరే రాసేరటండి" అంది. తిట్టినా బాగుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కాకినాడ పరుగెత్తాను. అధికారి లేచి నిలబడి కుర్చీ చూపించాడు. "తమరు రాసిన దాని మీదే చేశామండి" అన్నాడు. అబద్ధం కాదు. బదిలీల మీద నిషేధం వచ్చిందన్నాడు. అదీ అబద్ధం కాదు. హైదరాబాదులో రెండు విడతల శాసనసభ సమావేశాలు నడిచేటంత కాలం ఆ ఒక్క కాగితం కోసం తిరిగాను. సభలో ఏం మాట్లాడానో చాలావరకు మర్చిపోయాను గానీ ఆ ఆఫీసు మెట్లు గుర్తున్నాయి.

చివరికి రాజోలుకు వేశారు. ఉత్తర్వు అందిన మర్నాడు ఆమె తల్లినీ పాపనూ తీసుకుని మా ఇంటికి వచ్చింది. పాపకు నడక వచ్చేసింది. ఆమె అరుగు మీద కూర్చుని చేతులు చాపింది. పాప ఆమె వంక చూసి, వెనక్కి తిరిగి, అమ్మమ్మను "అమ్మా" అంటూ కొంగు పట్టుకుంది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమే నన్ను ఊరడించింది.

"అలవాటవుద్దిలెండి, మాస్టారూ. కాస్త ఆలస్యమవుద్ది, అంతే."