ఖాలా చదివించుకున్న కాగితం

మొన్న టీవీ వార్తల్లో, ఎక్కడో యుద్ధం జరుగుతున్న ఊరి మీద విమానంలోంచి కాగితాలు గుప్పించడం చూపించారు. కింద జనం వాటిని ఏరుకుని చదువుకుంటున్నారు. మా మనవరాలు ఛానెల్ మార్చబోతే కసురుకున్నాను, పాపం దానికేం తెలుసు. నా ఈడువాళ్లకైతే చెబితే అర్థమవుతుంది, జహీరాబాదులో మా వాకిట్లోనూ ఒకసారి అలాంటి కాగితాలు పడ్డాయి.

నిజాం రాజ్యం మీదికి యూనియన్ సైన్యం వచ్చిన పోలీసు యాక్షన్ నాటి మాట, నాకప్పుడు ఆరేళ్లు. మేము పిన్ని వరసన ఖాలా అని పిలిచే ఎదురింటావిడ భర్త, పెళ్లాం పిల్లలతో ఊరు దాటిపోదామని బండి కట్టాడు. అంతలో వాళ్ల వాకిట్లో పడ్డ కాగితం తెలుగులో ఉండడంతో, ఆ ఇంట్లో ఉర్దూ తప్ప చదవడం ఎవరికీ రాదు కనుక, మా నాయన దగ్గరికి తెచ్చాడు. ఇళ్లలోనే ఉండండి, ఎవరికీ ఏ హానీ జరగదు అని నాయన గట్టిగా చదివి వినిపించాడు. ఖాలా భర్త వెళ్లి ఎద్దులను విప్పేశాడు. మూడో రోజున ఎవరో గుంపుగా వచ్చి ఆయన్ను తీసుకుపోయారు. మళ్లీ రాలేదు.

నేను పెద్దదాన్నయి, పందొమ్మిదివందల అరవైల్లో బడిపంతులమ్మగా చేరేనాటికి కూడా ఆ బండి కాడి దించింది దించినట్టే వాళ్ల వాకిట్లో ఉండేది. ఖాలా ఏటా వానలు వెనకబట్టాక, ఆయన్ను తీసుకుపోయిన రోజుల్లో ఆ కాగితం కొంగున దాచుకుని వచ్చి నాయన చేత మళ్లీ చదివించుకునేది. నాయన కోపిష్టి, అంగట్లో ఎవరైనా ఒక మాట రెండుసార్లు అడిగితే ఇంతెత్తున లేచేవాడు; ఆమె ముందు మాత్రం తల దించుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేవాడు. "జర అడుగున చూడు భాయ్, ఇంకేమన్న రాసిన్రేమో" అనేది. అడుగున ఏమీ ఉండేది కాదు.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడు, నాయన ఇంట్లో లేని వేళ చూసి వచ్చి, మడతల దగ్గర చిరిగితే పిండితో అతికించిన ఆ కాగితం నా చేతికిచ్చింది. "నువ్వు చదువు బిడ్డా, మీ నాయనకు చెప్పకు" అంది. ఇన్నేళ్లూ నాయన తప్పు చదివాడేమోనని ఆమె అనుమానపడుతోందని నాకప్పుడు తెలిసింది. ఒళ్లు మండింది, వెంటనే సిగ్గేసింది. చదివాను. ఒక్క మాట తేడా లేదు. "అయితే మీ నాయన మంచిగనే చదివిండు" అని ఆమె గడప మీదే కూలబడి ఏడ్చింది. అంతకుముందెన్నడూ ఆమె ఏడవగా నేను చూడలేదు. ఆ తర్వాత కాగితం పట్టుకుని మా ఇంటికి రానూ లేదు.

వద్దన్నా నాయనకు చెప్పేశాను. "తప్పే చదివుంటె మంచిగుండు బిడ్డా" అన్నాడు. ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు ఆయన వయసు రావలసి వచ్చింది.

ఇప్పుడందరికీ చదువొచ్చింది. టీవీలో ఆ జనం ఎవరి కాగితం వాళ్లే చదువుకుంటున్నారు. రేపేదైనా జరిగితే, తప్పు చదివాడేమోనని అనుకోవడానికి వాళ్లకు ఎదురింటి మనిషి కూడా ఉండడు.