ఎండ నేయించిన పట్టుచీర

గోరంట్లలో ఉండే మా ఆడబిడ్డకు, కొడుకు పెళ్లిలో కట్టుకోవడానికి మా అమ్మాయి నిశ్చితార్థం నాటి ఎర్ర పట్టుచీర లాంటిదే కావాలట. ఆ చీర బెంగళూరులో అమ్మాయి దగ్గర ఉంది. అందుకని హాల్లో కిటికీ ఎదురుగా తగిలించిన ఆ నిశ్చితార్థం ఫోటోను ఫ్రేముతో సహా ధర్మవరంలో మగ్గం నేసే ఓబులేసుకు ఇచ్చాను. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌లో మేమే ప్రింటు తీసుకున్న ఫోటో అది.

ఈ రోజు ఓబులేసు ఫోటో, చీర మా ఇంటికి తెచ్చి, గోరంట్ల నుంచి వచ్చిన వదిన ముందు చీర విప్పాడు. పండిన సపోటా రంగు.

"ఏమప్పా, మిరపపండు రంగు అడిగితే ఇదేంది?" అంది వదిన.

"ఫోటో చూసే నేసినాను గదక్కా. పక్కన పెట్టి చూడు, ఏమన్నా తేడా ఉండాదా?"

లేదు. ఫ్రేము విప్పితే, చెక్క కింద దాగిన ఫోటో అంచులో చీర మాత్రం ఇంకా ఎర్రగా నిగనిగలాడుతోంది. మిగతా రంగంతా ఎండ తాగేసింది. రోజూ తుడిచే నాకే తెలియలేదు.

పెళ్లి వచ్చే వారమే. ఇక గొడవే అనుకున్నాను. వదిన చీరను భుజాన వేసుకుని అద్దం ముందుకు పోయింది, ఎంతకీ రాలేదు.

"ఎర్రది అందరికీ ఉంటాది. ఈ రంగు ఎవురికుండాది?" అంది చివరికి.

ఓబులేసు పోతూ పోతూ అడిగాడు: "ఇంకెవురన్నా అడిగితే దీని పేరేం చెప్పాలక్కా?"

నవ్వు ఆపుకోలేక "మా కిటికీ రంగు" అనేశాను. మీరైతే ఏం పేరు పెడతారు?