ముప్పై ఆరు మొక్కలు

సాయంత్రం అయిదింటికి ఫరీదాబాద్‌లోని ఆ ఇంటికి ఎవరైనా వస్తే సరళకుమారి వాళ్ళను నేరుగా వంటింట్లోకి తీసుకుపోయి అక్కడే కూర్చోబెట్టేది. ఆ గంటసేపు ముందుగదిలో ఆమె కొడుకు కెల్విన్ మొక్కలకు నీళ్ళు పెడుతూ ఉండేవాడు. కంప్యూటర్లోని మొక్కలకు.

కెల్విన్‌కు ముప్పై ఏడేళ్ళు. కాన్పు ఆలస్యమై ఊపిరి అందలేదు. తిండి, స్నానం తనే చూసుకుంటాడు గాని మాటలు మాత్రం లెక్కపెట్టినట్టు వస్తాయి. అతను పుట్టిన ఆసుపత్రిలోనే సరళకుమారి నర్సు. ఎంతమంది బిడ్డలనో అందుకున్న తన చేతులు ఆ ఒక్కరోజు మాత్రం ఎందుకూ పనికిరాకుండా పక్కన పడి ఉన్నాయని ఒకే ఒక్కసారి కూతురు అక్సాతో అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తండ్రి బాబురావు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు. కెల్విన్‌కు ఎనిమిదేళ్ళప్పుడు, టీవీకి తగిలించి ఆడుకునే గేముల డబ్బా ఒకటి తెచ్చాడు. దాంతో వచ్చిన క్యాసెట్లలో ఒకదానికి పైకాగితం చిరిగి పేరు లేకుండా పోయింది. అందులో టోపీ పెట్టుకున్న తోటమాలి బిందె మోస్తూ మొక్కలకు నీళ్ళు పోస్తాడు. ఆలస్యమైతే మొక్క వాలిపోతుంది. ఇంకా ఆలస్యమైతే ఎండిపోతుంది. అన్నీ పూశాక గేటు దాటితే ఇంకో తోట. అక్సా వారం రోజుల్లో ఏడు తోటలు దాటేసి, విసుగెత్తి వదిలేసింది. కెల్విన్ గేటు వైపే పోలేదు. మొదటి తోటలో ముప్పై ఆరు మొక్కలున్నాయి. ఒక్కటీ చావకూడదు. అతనికి ఆట అంటే అంతే.

అక్సా ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉండగా డబ్బా పూర్తిగా పాడైపోయింది. కెల్విన్ రెండు వారాలు సరిగా అన్నం తినలేదు. అప్పుడు ఆమె వెతికి పట్టుకుంది ఎమ్యులేటర్‌ని. కంప్యూటర్ ఆ పాత డబ్బాలాగే నడుచుకునేలా చేసే ప్రోగ్రాం అది. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక వేళల్లో రాసి ఉచితంగా ఇస్తున్నారు. డబ్బాలో లేని సౌకర్యం ఒకటి అందులో ఉంది. ఆట మూసేస్తే, మూసినచోటును అదే దాచుకుని మర్నాడు అక్కడి నుంచే తెరిచేది. అలా కెల్విన్ తోట పదమూడేళ్ళు బతికింది.

అన్న కోసం వాడటం మొదలుపెట్టిన అక్సా తర్వాత ఆ ప్రోగ్రాం రాసేవాళ్ళలో ఒకతె అయింది. గుర్‌గావ్‌లో ఉద్యోగం, రానూపోనూ మెట్రో, శనివారాలు ఎమ్యులేటర్. వసంత్ కుంజ్‌లో ఉండే భరద్వాజ్ కూడా ఆ బృందంలోవాడే. హైదరాబాద్ మనిషి. పోయిన వేసవిలో అతనే ప్రోగ్రాంలో ఒక తప్పు ఎత్తి చూపించాడు.

"అక్సా, ఈ ఆటలు వేరే దేశాల టీవీలకు చేసినవి గదా. మన టీవీల్లో నిదానంగ నడుస్తుండె. మన ప్రోగ్రాం గూడ ఆ నిదానాన్నే పట్టుకున్నది. అసలు స్పీడు ఇది కాదు."

నాలుగు నెలలు పట్టింది. ఏ ఆట ఏ టీవీకి తయారైందో కనిపెట్టి, దాని సొంత వేగంతో నడిపించే భాగం మొత్తం అక్సాయే రాసింది. బొమ్మ అదరడం పోయింది, పాట సాగదీసినట్టు వినబడటం పోయింది. అక్టోబరులో ఒక శనివారం కొత్త వెర్షన్ విడుదలైంది. ఆ మధ్యాహ్నమే ఇంట్లో కంప్యూటర్లో కూడా ఎక్కించి, "నీ తోట బాగుచేశా అన్నయ్యా" అని చెప్పింది. అన్న ముఖం ఎలా వెలుగుతుందో చూడాలని ఆమెకు.

అయిదింటికి కెల్విన్ కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే భరద్వాజ్ ఫోన్ చేశాడు. అక్సా బాల్కనీలోకి వెళ్ళింది.

"మస్తు నడుస్తున్నది! అందరూ నీ పేరే రాస్తున్నరు, చూసినవా?"

లోపలి నుంచి కెల్విన్ కేక వేశాడు. "అక్సూ! నీళ్ళు!"

"ఏక్ మినిట్ అన్నయ్యా, వస్తున్నా."

"నీళ్ళు! నీళ్ళు!"

సంతోషంతో అరుస్తున్నాడనుకుంది. ఇంకో రెండు మాటలు మాట్లాడింది, నవ్వింది కూడా. వంటింట్లోంచి తల్లి "ఏంటే అక్సా, వాడెందుకలా ఏడుస్తున్నాడు?" అన్నాక లోపలికి పరుగెత్తింది.

ఏ మొక్క ఎంతసేపు ఆగగలదో కెల్విన్ వేళ్ళకు తెలుసు. ఎనిమిదేళ్ళ వయసు నుంచీ తెలుసు. ఆ తెలిసినదంతా పాత నిదానానికి సరిపోయేది. కొత్త వేగంలో అతను మొదటి వరుస తడిపేసరికి రెండో వరుస వాలిపోయింది, రెండోదానికి వెళ్ళేసరికి మూడోది ఎండిపోయింది. అక్సా వచ్చేసరికి తోటలో ఆకుపచ్చ అన్నది లేదు. తోటమాలి ఇంకా బిందె మోసుకుని అటూ ఇటూ పరుగెడుతున్నాడు. కెల్విన్ ఒక చేత్తో మీట నొక్కుతూ రెండో చేత్తో నెత్తి మీద కొట్టుకుంటున్నాడు.

ఆమెకు ఏం చేయాలో తోచలేదు. అన్న కళ్ళ ముందు నుంచి ఆ బొమ్మ తప్పించాలని ప్రోగ్రాం మూసేసింది. మూసిన మరుక్షణం అర్థమైంది. మూసినచోటునే అది దాచుకుంటుంది. పదమూడేళ్ళ తోట ఉన్న చోట ఇప్పుడు ఎండిన తోట చేరింది. అది ఆమె చేత్తోనే జరిగింది.

పాత వెర్షన్ తిరిగి ఎక్కించడం పెద్ద పని కాదు. తోటే లేదు. రెండు రోజులు అల్మారాలన్నీ వెతికితే, రెండేళ్ళ క్రితం కంప్యూటర్ మార్చినప్పుడు చేసుకున్న కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో దొరికింది. సోమవారం సెలవు పెట్టి, అన్నీ సరిచేసి, అయిదింటికి కెల్విన్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"చూడు అన్నయ్యా. అన్నీ ఉన్నాయి."

అతను తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క మొక్కనూ తాకాడు. ముప్పై ఆరు. మీట ముట్టుకోలేదు. చాలాసేపు చూసి, వీధి తలుపు వైపు తిరిగాడు.

"నాన్న?" అన్నాడు.

బాబురావు పోయి ఆరేళ్ళయింది. సమాధి దగ్గర నిలబడి, పోయినవాళ్ళు ఇక రారని అన్నకు ఓపిగ్గా చెప్పింది అక్సాయే. అతను ఒప్పుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

"నాన్న రాడు అన్నయ్యా."

కెల్విన్ తెర చూపించాడు. "ఇవి వచ్చినయ్."

ఇది కాపీ అనీ, రెండేళ్ళ కిందటి తోట అనీ అక్సా ఏ మాటల్లో చెప్పాలి? సరళకుమారి గుమ్మంలో నిలబడి అంతా విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి అయిదు కాగానే కెల్విన్ కిందికి దిగి గేటు దగ్గర నిలబడసాగాడు. బాబురావు పగటి షిఫ్టు దిగి ఇంటికొచ్చే వేళ అది. తోట కోసం ఎవరు పిలిచినా రాడు. ఆరయ్యాక తనే పైకి వచ్చేవాడు. తొమ్మిది రోజులు అలా నిలబడ్డాడు. తొమ్మిదో రోజు వచ్చి తల్లి పక్కన మంచం మీద కూర్చుని, "రాలేదు" అన్నాడు. అంతే. పదో రోజు దిగలేదు. కంప్యూటర్ వైపూ చూడలేదు.

అక్సా రెండు నెలలు కూర్చుని ఎమ్యులేటర్‌ను మళ్ళీ మార్చింది. అడగకుండా వేగం మారదు. కొత్తది దాచేముందు పాతదాన్ని వేరేగా భద్రం చేస్తుంది, వరుసగా ముప్పై రోజులవి ఉంటాయి. ఇంత అవసరమైన మార్పు ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదని చాలామంది రాశారు. భరద్వాజ్ ఒక ఆదివారం ఇంటికొచ్చాడు. కెల్విన్‌ పక్కన కూర్చుని టీ తాగి లేచాడు. మెట్ల దగ్గర అన్నాడు, "తప్పు చూపించింది నేనే గదా అక్సా. నీ ఒక్కదానిదే కాదు."

"స్పీడు కరెక్టే భరద్వాజ్. నువ్వు చూపించింది కరెక్టే, నేను రాసింది కూడా కరెక్టే," అందామె. "అన్నయ్య పిలిచినప్పుడు నేను వెళ్ళలేదు."

క్రిస్మస్ ముందు ఆదివారం ముగ్గురూ చర్చికి బయల్దేరుతుంటే గుమ్మంలో కెల్విన్ చెప్పు తెగింది. అక్సా వంగి, "ఇలా ఇవ్వు అన్నయ్యా, బాగుచేస్తా" అని చెయ్యి చాచింది.

కెల్విన్ చెప్పును రెండు చేతులతో గుండెకు హత్తుకుని వెనక్కి జరిగాడు. "వద్దు. నువ్వొద్దు," అన్నాడు. కోపంగా కాదు, భయంగా. నెమ్మదిగా గోడ పక్క నుంచి ఆమెను దాటుకుని వెళ్ళి చెప్పు తల్లి చేతిలో పెట్టాడు.

సరళకుమారి కూతురి ముఖం చూడకుండా పిన్నీసు తీసి పట్టీకి గుచ్చి ఇచ్చింది. కెల్విన్ తొడుక్కున్నాడు. మెట్లు దిగేటప్పుడు తల్లికి అటుపక్కకు మారి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అక్సా తలుపుకు తాళం వేసి, వాళ్ళకు నాలుగు మెట్లు వెనకగా దిగింది.