నరసింగరావు పాటలు, గంగులు గోడ

నరసింగరావుకి అసూయ ఎక్కువ. ఆ సంగతి అతనికీ తెలుసు, కానీ ఇంకెవరైనా అంటే మాత్రం ఊరుకోడు. చిన్నప్పుడు పక్కింటి కుర్రాడికి కొత్త చెప్పులు కొంటే వీడికి జ్వరం వచ్చేదని వాళ్ళమ్మ భారతి ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. కోటబొమ్మాళి దగ్గర వరిచేలున్న ఇంట్లో ఒక్కగానొక్క కొడుకు. దేన్నీ ఎవరితోనూ పంచుకోవలసిన అవసరం రాలేదు. ఇంజనీరింగు చదువుకని విజయనగరం వచ్చాక అన్నీ ఒక్కసారే పంచుకోవలసి వచ్చింది. గది, బకెట్టు, చివరికి ఫ్యాను గాలి కూడా. వాటన్నిటికీ ఎలాగో సర్దుకున్నాడు గానీ, పాటల దగ్గరకొచ్చేసరికి చిక్కుపడింది.

ఆ పాటల కథ వేరు. మొదటి సంవత్సరంలో బజారులో ఒక పాత సెల్లు కొన్నాడు. అమ్మినవాడెవడో మెమరీ కార్డు తియ్యడం మరిచిపోయాడు. దాని నిండా ఎప్పుడో మన తాతల వయసు వాళ్ళు కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు పాడిన ఇంగ్లీషు రాక్ పాటలు. భుజాల దాకా జుట్టు పెంచుకుని, గిటార్లు పట్టుకుని, గొంతు చించుకుని పాడిన మగాళ్ళు. అన్నీ చెరిపేసి సినిమా పాటలు ఎక్కించుకుందామని కూర్చున్నవాడు, ఒక పాట దగ్గర ఆగిపోయాడు. అందులో పాట నడుమ అందరూ ఊరుకుంటారు, డ్రమ్ములవాడొక్కడే వాయిస్తాడు. ఆ వాయింపు అయ్యేసరికి కంచంలో అన్నం చల్లారిపోయింది. ఆ రోజు నుంచి నరసింగరావు ఆ పాటలంటే చెవి కోసుకుంటాడు. మాటల్లో సగం అర్థం కావు. అర్థం కాకపోవడం వల్ల వచ్చిన నష్టమేమీ అతనికి కనిపించలేదు. పాతవే అయినా మంచి స్పీకర్లు, కింద నేల దద్దరిల్లే పెద్ద డబ్బాతో సహా సంపాదించాడు.

వినడానికి రెండో మనిషి కూడా దొరికాడు. గదిలో తోటి కుర్రాడు ధర్మేంద్ర. సాలూరువాడు, వాళ్ళ నాన్న లారీ నడుపుతాడు. ఎర్రగా, ఎత్తుగా ఉంటాడు, ఎవరితోనైనా క్షణంలో కలిసిపోతాడు. కాలేజీ నుంచి వచ్చాక ఇద్దరూ టీ గ్లాసులు పట్టుకుని నేల మీద కూర్చునేవారు. "ఇదిగో, ఇక్కడ సూడు, ఇప్పుడొస్తాది" అని నరసింగరావు వేలు పైకెత్తేవాడు. డ్రమ్ము మోగేది. ధర్మేంద్ర కళ్ళు మూసుకుని తలూపేవాడు. జిల్లా మొత్తంలో ఆ పాటలకి తలూపే తల అదొక్కటే. నరసింగరావుకి అది చాలు.

అలా ఉండగా పక్క పోర్షనులోకి గంగులు కుటుంబం దిగింది.

వీళ్ళ గది స్లాబుది. దాని గోడకే ఆనించి ఇంటాయన రేకుల కప్పుతో రెండు గదులు వేశాడు. నడిమి గోడ ఒంటి ఇటుకది, అటు దగ్గినా ఇటు వినిపిస్తుంది. గంగులుది చేపల వ్యాపారం. తెల్లవారకముందే ఐసు దిమ్మని గోనెసంచిలో వేసి చెక్క సమ్మెటతో దబదబా కొట్టి పొడిచేస్తాడు. ఆ పొడి చేపల పెట్టెల్లో పోసుకుని రేవుకి పోతాడు. అతను వెళ్ళగానే భార్య లక్ష్మణమ్మ గిన్నెలతో మొదలెడుతుంది. అతను తిరిగొచ్చాక మొగుడూ పెళ్ళాల పోట్లాట, దాని మీద రాజీ. రాజీ పోట్లాటకన్నా గట్టిగా ఉంటుంది. సాయంత్రం నుంచి టీవీ. గంగులు తల్లి తాతమ్మకి చెవులు పూర్తిగా పోయాయి. అయినా ఆవిడకి వినిపిస్తుందేమోనన్న ఆశతో ఆ ఇంట్లో టీవీని ఎంతవరకు పెరిగితే అంతవరకు పెంచుతారు.

మొదటి వారంలోనే నరసింగరావు ధర్మేంద్ర దగ్గర కేకలు వేశాడు. "ఏటిరా ఈ గోల! గోల సరే, ఆ నీసు కంపేటి? కడుపులో తిప్పేస్తంది. వీళ్ళ మొహం సూడాలంటేనే నాకు పడదు."

"నాకేటీ రావట్లేదే" అన్నాడు ధర్మేంద్ర.

వాడికి ఎందుకు రావట్లేదో నెల తిరిగేసరికి తెలిసింది. ఒకనాడు లక్ష్మణమ్మ గ్యాసు బండ మోయలేకపోతుంటే చెయ్యేశాడట. ఆవిడ కవళ్ళ చేపల పులుసు పెట్టిందట. అంతే. గంగులు 'బావ' అయిపోయాడు, లక్ష్మణమ్మ అక్క వరసై 'అప్ప' అయిపోయింది. టీవీ మొదలయ్యే వేళకి "ధర్మా! ఒరే ధర్మా! రారా, కూడు సల్లారిపోతంది" అని గోడ అవతల నుంచి పిలుపు. వీడు టీ గ్లాసు సగంలో వదిలేసి లేచిపోయేవాడు.

పిలుపు ధర్మాకే. నరసింగరావుని ఏనాడూ పిలవలేదు. పిలిస్తే వెళ్ళేవాడా అంటే, వెళ్ళేవాడు కాదు. కానీ పిలిచాక వెళ్ళకపోవడం వేరు, అసలు పిలవకపోవడం వేరు. డ్రమ్ముల వాయింపు వచ్చే చోట వేలు పైకెత్తి పక్కకి చూస్తే అక్కడ ఖాళీ చాప ఉండేది. అవతల ధర్మేంద్ర నవ్వు వినిపించేది. ఆ నవ్వు ఇక్కడ, ఈ గదిలో, ఎప్పుడైనా నవ్వాడా వీడు? తన స్నేహితుణ్ణి ఒక గోలమంద పులుసు గిన్నెతో లాగేసుకుందన్న ఉక్రోషం. ఇంటికి ఫోను చేసి, "అమ్మా, నాకిక్కడ ఎవులూ లేరే" అని ఒకసారి ముక్కు చీదాడు కూడా.

చివరికి ఒక సాయంత్రం తెగించాడు. స్పీకర్ల పెద్ద డబ్బాని ఎత్తి నడిమి గోడకి ఆనించి, మొహం అటు తిప్పి, ఆ పాటే పెట్టి, మరి పెరగదన్నంత వరకు పెంచాడు. గోడకి తగిలించిన క్యాలెండరు టకటకా కొట్టుకుంది. పోట్లాటకి వస్తారని తలుపు తీసి, అనవలసిన నాలుగు మాటలు సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. మర్నాడూ అలాగే పెట్టాడు. ఆ మర్నాడూ. రానేలేదు.

నాలుగోనాడు గోడ అవతల నుంచి లక్ష్మణమ్మ మాట వినబడింది. "ఒరే ధర్మా, ఆ దడదడమనే పాటేట్రా? మా అత్త రోజూ ఆ యేళకి గోడకి ఈపు ఆన్సుకొని కూకుంటంది. మూడు రోజుల్నించి సూస్తన్నాను. సెవులు పోయిన మనిసికి ఆ మోత ఈపులోంచి తెలుస్తంది కావోలు, అందరూ కలిసి ఒడ్డుకి పెద్దవల లాగుతున్నట్టుందంటంది. కాలు ఆడిస్తంది సూడు!"

నరసింగరావు చెవి గోడకి ఆనించాడు. అవతల ధర్మేంద్ర హాయిగా అన్నాడు: "అదా అప్పా? అది నా పాటే. మామ్మ కోసం నేనే పెట్టించినాను."

నా పాటే! మెమరీ కార్డు ఎవరిది? స్పీకర్లు ఎవరివి? ఏ క్షణంలో వేలెత్తాలో నేర్పింది ఎవరు? స్నేహితుణ్ణి వాళ్ళు పట్టుకుపోయారు, పాటని వీడు పట్టుకుపోయాడు. తనకి మిగిలింది కరెంటు బిల్లులో సగం. అవతలికి వెళ్ళి "అది నాది" అనొచ్చు. కానీ పిలవని ఇంటికి వెళ్ళి అడుక్కున్నట్టు ఉంటుంది. అందుకని తనకు చేతనైన పని చేశాడు. స్పీకర్ల తీగ పీకి పెట్టెలో పెట్టేశాడు.

"పెట్టరా బాబూ, ముసల్ది గోడ తడుముతంది" అన్నాడు ధర్మేంద్ర.

"స్పీకర్లు పాడైపోనాయి."

"నిన్న బానే ఉన్నాయి కదరా."

"నీ పాటే కదా. నువ్వే పెట్టుకో."

ధర్మేంద్ర మొహం మాడిపోయింది. తన సెల్లు గోడకి ఆనించి చూశాడు. సెల్లు మోతకి ఇటుక కదులుతుందా? గోడ అవతల తాతమ్మ అరచేత్తో తట్టే చప్పుడు మాత్రం రోజూ అదే వేళకి వినిపించేది. నరసింగరావు చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని దొంగలా పాటలు వినేవాడు. గెలిచానని అనుకునేవాడు. గెలిచినవాడికి ఆకలి వెయ్యకపోవడం ఏమిటో అతనికి అర్థం కాలేదు.

ఆ అక్టోబరులోనే హుద్‌హుద్ తుపాను వచ్చింది. ధర్మేంద్ర రెండ్రోజుల ముందే సాలూరు వెళ్ళిపోయాడు. నరసింగరావు ఏముందిలే అని ఉండిపోయాడు. ఆదివారం పొద్దున్నే కరెంటు పోయింది. మధ్యాహ్నానికి గాలి ఏడుపు లంకించుకుంది. కాసేపటికి పక్క పోర్షను రేకులు ఒక్కొక్కటే పెళపెళలాడి లేచి ఎటో ఎగిరిపోయాయి. తలుపు ఎవరో బాదుతుంటే తీశాడు. గంగులు తల్లిని వీపు మీద ఎత్తుకుని, వెనక లక్ష్మణమ్మ తడిసి ముద్దై.

"బాబూ, నీకు పడదని తెలుసు" అన్నాడు గంగులు, గడప ఇవతలికి రాకుండానే. "మా అమ్మనొక్కదాన్నీ లోన కూకోనీ. మేం ఈ వరండాలో ఉంటాం."

"ఏటి పడదు? ముందు లోపలికి రండి!" అని చెయ్యి పట్టి లాగి తలుపు మూశాడు. మూయడానికి ముగ్గురూ భుజాలు ఆనించవలసి వచ్చింది.

తాతమ్మని చాప మీద కూర్చోబెట్టారు. పొడి తువ్వాలు ఇచ్చాడు. గాలి కాస్త తగ్గుముఖం పట్టాక ఆవిడ తేరుకుని, చుట్టూ చూసి, వెనక్కి జరిగి గోడకి వీపు ఆనించింది. అదే గోడ, ఇటువైపు నుంచి. అరచేత్తో తట్టి, చెవిటివాళ్ళ పెద్ద గొంతుతో అడిగింది: "పాటేది? ధర్మా పాటేది?"

ఊరంతా కూలిపోతోంది, వాళ్ళ ఇంటికి కప్పు లేదు. అటువంటి వేళ కూడా నరసింగరావుకి గుండెలో సూదిలా దిగింది ఆ పేరే. ధర్మా పాట! కాదని రుజువు చేద్దామంటే కరెంటు లేదు. సెల్లు ఎప్పుడో చచ్చిపోయింది. గదిలో ఉన్నది అతని రేకు పెట్టె ఒక్కటే. దాన్ని బరబరా లాగి గోడకి ఆనించాడు. తాతమ్మ చెయ్యి తీసుకుని పెట్టె మూత మీద ఒక చివర పెట్టాడు. రెండో చివర తను వాయించడం మొదలెట్టాడు.

ఎవరూ నేర్పలేదు. కానీ ఆ వాయింపులో ప్రతి దెబ్బా అతనికి కంఠతా వచ్చు. మెల్లగా మొదలై, ఒక చోట తడబడినట్టు నటించి, అక్కడి నుంచి ఉరుకుతుంది. అరచేతులతో, పిడికిళ్ళతో, మణికట్లతో వాయించాడు. తాతమ్మ కళ్ళు మూసుకుంది. మడమ నేలకి కొట్టడం మొదలెట్టింది. ఉరుకు దగ్గరకి వచ్చేసరికి, "లాగండర్రా! ఒడ్డుకొచ్చింది, లాగండి!" అని అరిచింది. లక్ష్మణమ్మ తడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

వాయింపు ఆగగానే ఆవిడ కళ్ళు తెరిచి అతని మణికట్టు పట్టుకుంది. "ఈ సెయ్యే" అంది. "ఆ గుంటడు కాదు. ఈడే."

"మాకెప్పుడో తెలుసు బాబూ" అన్నాడు గంగులు. "ధర్మ మా ఇంట్లో కూకొని టీవీ సూస్తంటే, ఇటు పాటెవుడు పెడతాడు? ఆడు తన గుండె తట్టుకొని సూపితే అమ్మ నమ్మేసింది, మేం కాదని సెప్పినా ఇనపడదు. అంతే."

నరసింగరావు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇన్నాళ్ళ మంటా ఒక్కసారే పైకి తన్నింది. "తెలిసీ నన్నొక్కసారైనా పిలవలేదేం? రోజూ ధర్మా ధర్మా అని... నేను మనిషిని కానా?"

మొగుడూ పెళ్ళాలు మొహాలు చూసుకున్నారు. లక్ష్మణమ్మే అంది, కోపం లేకుండా. "నువ్వే కదా బాబూ అన్నావు, నీసు కంపని, మా మొహం సూడాలంటే పడదని. నువ్వు మీ యమ్మతో ఫోన్లో ఏడిసిన్నాడు పిలుద్దామని గడప దాకా వొచ్చి ఎల్లిపోనాను. గోడ మీవైపుకే పల్చనా?"

నరసింగరావు ఆ గోడ వైపు చూశాడు. ఇన్ని నెలలూ వాళ్ళ తగువులు, రాజీలు, నవ్వులు అన్నీ విన్నాడు. తన మాటలు అటు వెళ్తాయని ఒక్కనాడూ తట్టలేదు. ఇన్నిటినీ లెక్కగట్టి కుళ్ళుకున్నవాడికి, ఆ పిలుపు రాకుండా వాకిలి మూసింది తన నోరేనని తెలియలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. తాతమ్మకి ఇవేమీ వినబడలేదు. పెట్టె మీద తట్టి, "ఇంకోపాలి" అంది.

కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. రేకులు దొరక్క గంగులు కుటుంబం ఆ గదిలోనే ఉండిపోయింది. వరండాలో పొయ్యి పెట్టి లక్ష్మణమ్మ వండేది. నరసింగరావు మొదటిసారి నెత్తళ్ళ ఇగురు తిన్నాడు, మారు అడిగాడు.

బస్సులు తిరగడం మొదలయ్యాక ఒక సాయంత్రం ధర్మేంద్ర వచ్చాడు. సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. లోపల నరసింగరావు నడుమ కూర్చుని పెట్టె వాయిస్తున్నాడు. తాతమ్మ తలూపుతోంది. గంగులు "అదీ బావా!" అంటున్నాడు. గుమ్మంలో ఉన్నవాణ్ణి ఇంకా ఎవరూ చూడలేదు, నరసింగరావు తప్ప. ధర్మేంద్ర మొహంలో ఉన్నదేమిటో అతనికి వెంటనే తెలిసిపోయింది. ఇన్ని నెలలూ అద్దంలో చూసుకున్న మొహమే అది.

వెంటనే పిలవొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఉరుకు వచ్చే చోటు ఇంకా మిగిలే ఉంది. అది పూర్తిగా వాయించాక, అప్పుడు, "ఒరే ధర్మా, రారా, కూడు సల్లారిపోతంది" అని పక్కకి జరిగాడు. జరిగింది మాత్రం జానెడే.