జూలై ఒకటిన పుట్టిన బడి

ఆ రోజుల్లో ఇంట్లో ఒకరికి సర్కారు ఉద్యోగం వచ్చిందంటే చుట్టపక్కాలంతా వచ్చి జీతమెంత, ఊరెంత దూరం, బస్సుందా అని అడిగేవాళ్లు గానీ, ఆ మనిషి సాయంత్రాలు ఎలా గడుపుతుందని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు. నన్నూ అడగలేదు. అడిగి ఉంటే మాత్రం ఏం చెప్పేదాన్ని? ఇరవై ఏళ్ల పిల్లకు పొద్దుగూకడం అంటే ఏమిటో అప్పటికి ఇంకా తెలియదు. ఇంటినిండా జనం, చర్చి నుంచి వచ్చేవాళ్లు పోయేవాళ్లు, పక్కింటి రేడియో, మా అమ్మ కేకలు, వీటి మధ్య పెరిగినదాన్ని. టీచరుగా ఆర్డరు చేతికి రాగానే ట్రంకుపెట్టె సర్దుకుని, ప్రపంచాన్ని బాగుచేసే పని నాకే అప్పగించినట్టు మెడ ఎత్తుకుని హనుమకొండలో బస్సెక్కాను.

ధర్మసాగర్ దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరది. మా ఇంటికి మరీ దూరమేమీ కాదు. కాకపోతే ఆ ఊరికి వచ్చే ఒకే ఒక్క బస్సు పొద్దున బడి మొదలైన తరువాత వచ్చేది, సాయంత్రం బడి విడవకముందే వెళ్లిపోయేది. (ఎవరో పనిగట్టుకుని టీచర్లను ఊళ్లో బంధించడానికే ఆ టైము పెట్టారని నా అనుమానం.) అందుకని ఒక పెంకుటింట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటివాళ్లు కోళ్లతో పాటే పడుకుని కోళ్లతో పాటే లేచేవాళ్లు. దీపం పెట్టిన తరువాత ఆ గదిలో నాతో మాట్లాడే ప్రాణి గోడ మీది బల్లి ఒక్కటే. నేను ఏం వండానో రోజూ దానికే చెప్పేదాన్ని. అది కిచకిచమంటే నా వంట మెచ్చుకుందని సంతోషించేదాన్ని. నవ్వులాటకు అంటున్నాను గానీ, బల్లి కనబడని రోజున నిజంగానే ఏడుపొచ్చేది.

బడి సంగతికి వస్తే, రెండు గదులు, ముందర బోడి జాగా. చెట్టు కాదు గదా, గడ్డిపోచ కూడా లేదు. పిల్లలు మధ్యాహ్నం ఉప్మా తిని బోరింగు దగ్గర చేతులు కడిగితే ఆ నీళ్లన్నీ దారి మీదికి పోయి మడుగు కట్టేవి. అందులో బర్రెలు హాయిగా పడుకునేవి. ఉప్మా తిన్న పాత పేపర్లు గాలికి లేచి ఊరంతా తిరిగేవి. ఇదంతా చూసి నేనొక పథకం వేశాను. ఉప్మా మోదుగాకుల్లో పెట్టాలి, తిన్న ఆకులు గుంతలో వేసి ఎరువు చేయాలి, చేతులు కడిగిన నీళ్లు మొక్కలకు పోవాలి. మరి మొక్కలేవి? అక్కడే నా తెలివంతా చూపించాను. ఎవరి పుట్టినరోజున వాళ్లు చాక్లెట్లు పంచే బదులు బడిలో ఒక మొక్క నాటాలి. మిగతావాళ్లు చప్పట్లు కొట్టి పాట పాడాలి, నేను పల్లీపట్టీ పంచుతాను. పచ్చదనం, పరిశుభ్రత అని పెద్దసారుకు గొప్పగా చెప్పాను గానీ, లోపలి మాట వేరు. మా ఇంట్లో పుట్టినరోజంటే మా అమ్మ గిన్నెలో ఇసుక పోసి, కుంపటి మీద పెట్టి కేకు చేసేది. ప్రార్థన, పాట, తరువాత ముక్కల కోసం కొట్లాట. బడినిండా పిల్లలున్నారు కదా, వారానికొక పుట్టినరోజైనా రాకపోతుందా, ఎదురుచూడటానికి నాకొక రోజు దొరుకుతుంది కదా అని నా ఆశ.

పెద్దసారంటే మా హెడ్మాస్టరు. నోట్లో పాన్, చంకలో గొడుగు లేకుండా ఆయన్ని నేను చూడలేదు. నా పథకమంతా విని, "మంచి ముచ్చటనే టీచరమ్మా. కానియ్యి. జూలై ఒకటి నాడు మాత్రం సెలవు పెట్టకు" అన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. హనుమకొండ నర్సరీలో బతిమాలి నాలుగు మొక్కలు తెచ్చుకుని, మొదటి పుట్టినరోజు ఎవరిదా అని బడి రిజిస్టరు తెరిచాను. మొదటివాడు జూలై ఒకటి. రెండోవాడు జూలై ఒకటి. మూడో పిల్లకు వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. మా బడి మొత్తం ఒకే రోజు పుట్టింది.

"చెయ్యి నెత్తి మీదికెళ్లి తిప్పితే అవుతలి చెవు అందాలె. అందితే ఐదేండ్లు నిండినట్టు లెక్క. తారీఖు మన తరఫున" అని పెద్దసారు నెమ్మదిగా వివరించాడు.

"మరి అందరికీ జూలై ఒకటే ఎందుకు సార్?"

"యాదికుంటది. నాది గూడ గదే."

ఏడాదంతా పరుచుకోవలసిన నా పండుగలు ఒక్క రోజుకు కుదించుకుపోయాయి. మిగతా ఏడాది మళ్లీ నేనూ, బల్లీ. ఆ రాత్రి దానికి కూడా ఏమీ చెప్పబుద్ధి కాలేదు. కానీ మొండిదాన్ని. రిజిస్టరుకు తెలియకపోతే కన్నతల్లికి తెలియదా అనుకుని, మరునాటి నుంచి సాయంత్రాలు ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. తల్లులందరికీ తెలుసు. తారీఖు రూపంలో తెలియదు, అంతే. "మా నల్ల బర్రె ఈనిన తెల్లారి" అని ఒకామె. "చెరువు నిండి మత్తడి దుంకిన్నాడు, దవాఖానకు పోదామంటె తొవ్వ లేదు" అని ఇంకొకామె. "సద్దుల బతుకమ్మ నాడు. బతుకమ్మను పేర్చుకుంట పేర్చుకుంట లేచి లోపలికి పోయిన" అని నవ్విందొక తల్లి. ఆ బర్రె ఎప్పుడు ఈనిందో తెలుసుకోవడానికి ఆ తరువాత దాన్ని కొన్నవాళ్ల ఇంటికి, అక్కణ్నుంచి వాళ్ల వియ్యంకుల ఇంటికి పోయేదాన్ని. పోయినచోటల్లా "తినిపో బిడ్డా" అని జొన్నరొట్టె మీద పచ్చిమిరపకాయ తొక్కు పెట్టేవాళ్లు. పుట్టినరోజులు సగానికి సగం నేనే పంచాంగం ముందు పెట్టుకుని ఊహించినవే గానీ, నా సాయంత్రాలు మాత్రం గడిచిపోయాయి. గదికి తిరిగొచ్చి తాళం తీసేటప్పుడే కొంచెం కష్టంగా ఉండేది.

వానలు పడ్డాయి, మొక్కలు లేచాయి. మోదుగాకుల ఉప్మా ఊళ్లో పేరు తెచ్చుకుంది. పెద్దసారు కూడా పాన్ తిన్న నోరు జామమొక్క మొదట్లోనే పుక్కిలించి, "జామపండ్లు లోపల ఎర్రగ కాస్తయి చూడు" అనేవాడు. అంతలో మేకలొచ్చాయి. మేకలు కాచే ఇంటి పిల్లవాడు ఒకడుండేవాడు, అందరూ బుడ్డోడు అనేవాళ్లు. వాడి వేపమొక్కను మేక తినేసింది. వాడు పెద్దగా ఏడ్చాడు. నా మనసు కరిగి, ఇంకో మొక్క నాటించి, మళ్లీ చప్పట్లు, పాట, పల్లీపట్టీ అన్నీ చేయించాను. ఆ వారంలోనే ఇంకో రెండు మొక్కలు మాయమయ్యాయి, తరువాత బుడ్డోడిది మళ్లీ. ఒక మధ్యాహ్నం బడి వెనక్కి పోయి చూస్తే, బుడ్డోడు మేకను చెవి పట్టుకుని తెచ్చి, ముద్దుగా తన మొక్కనే తినిపిస్తున్నాడు.

"ఏం జేస్తున్నవురా?"

"మల్ల పుడుదామని, టీచర్" అన్నాడు. వాడి మొహంలో తప్పు చేసిన జాడే లేదు.

(మనిషి తిరిగి జన్మించాలని మా నాన్న ప్రతి ఆదివారం చర్చిలో చెప్పేవాడు. దాన్ని అంత తేలిగ్గా సాధించినవాణ్ని నేను వాణ్నొక్కణ్నే చూశాను.) ఆ రోజు నుంచి మేక తిన్న మొక్కకు మారు మొక్కే తప్ప పాట, పల్లీపట్టీ లేవని చాటించాను. మేకలకు ఆకలి తగ్గిపోయింది.

ఇంత సందడిలోనూ పుట్టినరోజు లేని పిల్ల ఒకతె మిగిలిపోయింది. ఎప్పుడు చూసినా చేతిలో సొట్టల చెంబు ఉండేది కాబట్టి పిల్లలు ఆమెను చెంబు అనేవాళ్లు. అందరి మొక్కలకూ ఆమే నీళ్లు పోసేది. అందరి పుట్టినరోజులకూ ముందు నిలబడి గట్టిగా పాడేది. తల్లి లేదు, అమ్మమ్మ దగ్గర ఉండేది. నేను నా పథకం ఉత్సాహంతో ఆ ముసలామె దగ్గరికీ పోయి, "అవ్వా, పిల్ల ఎన్నడు పుట్టిందో జర యాది చేసుకో" అన్నాను.

ఆమె బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టింది. "తెల్వక గాదు బిడ్డా. తెలుసు. చెప్ప" అంది. "పిల్ల భూమ్మీద పడ్డది, నా బిడ్డ కండ్లు మూసింది. ఒక్కటే దినం. మేం ఏడ్సే దినాన నువ్వు దానితోని పాట పాడిస్తవా?"

 చెంబు గుమ్మం పక్కనే నిలబడి అంతా వింటోంది. గదికి వచ్చి అన్నం వండుకున్నాను గానీ తినలేకపోయాను. అందరి పుట్టినరోజులూ వెతికి తెచ్చానని మురిసిపోతున్నదాన్ని, ఆ పిల్లకు ఒక్కటి తేలేకపోయాను. ఏదో ఒక తారీఖు ఇచ్చేద్దామా అంటే, అది పెద్దసారు చేసిన పనే కదా. ఆ తరువాత కూడా ఆ పిల్ల మానకుండా అందరి మొక్కలకూ నీళ్లు పోసింది. తనకొకటి కావాలని ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

మాఘమాసం వచ్చింది. నా పుట్టినరోజు ఆ నెలలోనే. ఈసారి సెలవు పెట్టి ఇంటికి పోయి కేకు తినాలని నెల ముందు నుంచీ కలలు కన్నాను. ఆ ఏడు మేడారం జాతర ఉందని నాకు తట్టనే లేదు. జిల్లాలో బస్సన్నది మిగలకుండా అన్నీ జాతరకే పోయాయి. మా ఊరి బస్సు కూడా సమ్మక్క దర్శనానికి పోయింది. ఊళ్లోవాళ్లు బండ్లు కట్టుకుని, కోళ్లతో, బెల్లంతో బయలుదేరారు. పెద్దసారు గొడుగు తీసుకుని వాళ్లతోనే ఎక్కాడు. నేనున్న ఇంటివాళ్లూ పోయారు. బడికి ఎవరూ సెలవివ్వలేదు, పిల్లలే బడికి సెలవిచ్చారు. ఇంటి నుంచి కార్డు వస్తుందనుకుంటే పోస్టుమ్యాన్ కూడా జాతరలోనే ఉన్నాడట. మా అమ్మ ఇచ్చిన కొత్త చీర కట్టుకుని, ఖాళీ బడి తలుపులు తీసి, ఖాళీ బల్లల ముందు కూర్చున్నాను. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా మీద నాకే జాలేసింది. ఎవరూ లేరు కదా అని కాసేపు ఏడ్చాను కూడా.

తలెత్తితే గుమ్మంలో చెంబు. అమ్మమ్మకు కాళ్లనొప్పులు, జాతరకు పోలేకపోయారట.

"కొత్త చీరె గట్టినవ్ టీచర్" అంది నన్ను కిందికీ పైకీ చూసి. "ఇయ్యాల నీ పుట్టినరోజా?"

ఔనన్నాను. ఇన్నాళ్లలో ఆ ఊళ్లో నన్ను ఆ మాట అడిగినది ఆమె ఒక్కతే.

"మరి నీ మొక్కేది?"

నేను పెట్టిన నియమం నాకూ వర్తిస్తుందని నాకే తోచలేదు. లేదని తలూపాను. ఆమె పరుగెత్తి ఇంటికి పోయి, పగిలిన కుండలో ఒక చిన్న చింతమొక్కను పట్టుకొచ్చింది. బెత్తెడుంది. ఎవరిదని అడిగితే, "ఎవల్దీ గాదు. గింజ దొరికితె పెట్టిన. పుట్టినరోజు దొరికితె నాటుదామని" అంది మామూలుగా. "నువ్వు నాటుకో టీచర్."

 కుండ అందుకుని, "ఇద్దరం నాటుదాం. ఈ దినం మనిద్దరిది. సగం నీది, సగం నాది. మీ అవ్వకు నేను చెప్తా" అన్నాను.

చెంబు వెంటనే ఒప్పుకోలేదు. మొహం చిన్నది చేసుకుని ఆలోచించింది. "పంచుకుంటె నీకు తక్కువైతది గద టీచర్?"

"లేదే. నాకొక్కదానికి చాన ఎక్కువైంది" అన్నాను. అది నేను నా జీవితంలో చెప్పిన కొద్దిపాటి నిజాల్లో ఒకటి.

గుంత తవ్వి నాటాం. ఇద్దరమే చప్పట్లు కొట్టుకుని, ఇద్దరమే పాడాం. పాటలో పేరు వచ్చే చోట ఆమె నా పేరు, నేను ఆమె పేరు పెట్టడంతో అదేం పాటో ఎవరికీ తెలియకుండా పోయింది. కేకు లేదు, పల్లీపట్టీ లేదు. నా గదిలో బెల్లంముక్క ఉంటే చెరిసగం తిన్నాం. అవ్వ దగ్గరికి పోయి చెప్పాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, మా మొక్కకు పొయ్యమని పిల్ల చేతిలో ఇంకో చెంబెడు నీళ్లు పెట్టింది. జాతర నుంచి వచ్చిన పెద్దసారు మాత్రం, "బడిల చింతచెట్టేందమ్మా, దయ్యాలుంటయి" అని గొణిగాడు. చింతచిగురు పప్పు గుర్తుచేస్తే ఊరుకున్నాడు.

తరువాత నాకు బదిలీ అయింది. చెంబుకు పాలకుర్తి వైపు సంబంధం కుదిరి పెళ్లయిందని ఎవరో చెప్పారు. చాలా ఏళ్లకు ఏదో పని మీద అటు పోయి, బడి దగ్గర దిగాను. ప్రహరీ గోడ కట్టారు. లోపలంతా నీడే. చింతచెట్లు మాత్రం ఒకటి కాదు, రెండున్నాయి. ఏది మాదో తెలియలేదు. అడగడానికి తెలిసినవాళ్లెవరూ లేరు. చివరికి రెండింటినీ తడిమి, రెండింటినీ బాగున్నవా అని అడిగి, అక్కడ ఆడుకుంటున్న పిల్లలు నవ్వుతుంటే గబగబా బస్సెక్కాను.

ఇప్పుడు నాకు పింఛను వస్తోంది. పుట్టినరోజున మా మనవరాలు బేకరీ కేకు తెస్తుంది, ఇసుకా కుంపటీ ఏమీ అక్కరలేదు. నేను అందులో సగానికి గీత గీసి, ఆ సగంలోంచి ఒక ముక్క తీసి, దాని మీద గిన్నె బోర్లించి పెడతాను. "ఎవరికి నానమ్మా?" అని అడిగితే, "పంచుకున్న మనిషి ఉంది, వస్తే ఇయ్యాలె" అంటాను. మా మనవరాలు ఇంకా తలుపు వైపు చూస్తుంది. నేను చూడను. మరునాడు తెల్లవారి, షుగరున్న మనిషిని కాబట్టి ఎవరూ లేవకముందే, ఆ ముక్కను కూడా నేనే తినేస్తాను. ఒక్కదానికి ఇప్పటికీ ఎక్కువే అవుతుంది.